మొగదిబ్బ మోకులమ్మ: దొర సెలవడిగిన వైనం

మొగదిబ్బకు బస్సు నేరుగా రాదు. పెద్ద రోడ్డు మీద దిగితే ఆటోలు ఉంటాయి. ఎక్కబోతుంటే "గుడికా, రేవుకా?" అని డ్రైవరు అడుగుతాడు. రెండూ ఒక్క చోటే ఉన్నాయి, అయినా అడగడం అతనికి అలవాటు. సరుగుడు తోటలు దాటగానే ఉప్పుగాలి, దానితోబాటే ఎండుచేపల వాసన ఎదురొస్తాయి. కొత్తగా వచ్చినవారు ముక్కుకు కొంగో రుమాలో అడ్డం పెట్టుకుంటారు. దర్శనం చేసుకుని తిరిగి వెళ్ళేటప్పుడు చాలామంది చేతుల్లో ఆ ఎండుచేపల పొట్లమే ఉంటుంది.

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. ఆ మొగ పక్కనున్న ఇసుకదిబ్బ మీద మోకులమ్మ తల్లి కొలువై ఉంది. గుడి చిన్నది. పూజారులు ఆడవారే, మైలపల్లి వారి ఇంటి ఆడపడుచులు, కోడళ్ళు. విమానం మీద దేవతల బొమ్మల నడుమ టోపీ పెట్టుకున్న ఒక దొర బొమ్మ ఉంటుంది. దాన్ని చెక్కిన శిల్పి ఉత్సాహం కొద్దీ దొరకు నల్ల కళ్ళద్దాలు కూడా పెట్టాడు. ఆ కాలంలో అవి లేవని పెద్దలు చెబితే, ఎండకు పెట్టుకున్నాడులెండి అన్నాడట. ఆ కళ్ళద్దాలు అలాగే ఉండిపోయాయి.

గర్భగుడిలో అమ్మవారికి రూపం లేదు. నడుము ఎత్తున నల్లరాయి, దానికి వెండికళ్ళు, నిండా పసుపు. రాయి మధ్యలో చుట్టూ ఒక గాడి ఉంటుంది, వేలు పెడితే సగం వేలు దిగేటంత లోతు. అది క్షీరసాగర మథనం నాడు వాసుకి ఒరుసుకున్న గుర్తని కొందరు యాత్రికులు తమలో తామే నిర్ణయించుకుని వెళ్ళిపోతారు. అది సరికాదు. ఆ గాడి మోకులు, అంటే లావాటి కొబ్బరితాళ్ళు, ఒరుసుకుని పడింది. మొదట కట్టినవారు ఇంగ్లీషువారు. ఆ వైనం ఇది.

పూర్వం ఇక్కడ గుడి లేదు. ఏరు దిబ్బను ఒరుసుకుని పారేది. పోటు మీద ఉన్నప్పుడు నీళ్ళు అమ్మవారి రాతి మొదలును తాకేవి. దిబ్బ మీద కొద్దిపాటి తాటాకు ఇళ్ళు, ఇళ్ళ ముందు ఆరేసిన వలలు. ఊరికి కులపెద్ద మైలపల్లి దాలయ్య. అతని భార్య ముత్యాలు అమ్మవారి పూజ చేసేది. పూజ అంటే మంత్రాలు కావు. తెల్లవారగానే ఏటినీళ్ళతో రాయిని కడగడం, పసుపు రాయడం, ఎర్రగన్నేరు పువ్వు పెట్టడం, అమ్మకు ఊరి కబుర్లు చెప్పడం. వేటకు తెప్ప దింపాలన్నా, కొత్త వల నీళ్ళలో వెయ్యాలన్నా, పిల్లనివ్వాలన్నా ముత్యాలు తడిపువ్వును రాతి నుదుట అంటించి అడిగేది. పువ్వు కుడివైపు రాలితే అమ్మ సరేనన్నట్టు, ఎడమవైపు రాలితే వద్దన్నట్టు. ఆ మాట దాటినవారు ఊళ్ళో లేరు.

ఆ రోజుల్లో ఇంగ్లీషువారు చిన్న చిన్న ఓడల్లో లోకమంతా తిరుగుతూ, కాలు పెట్టడానికి ఎక్కడ ఒడ్డు దొరికితే అక్కడ కట్టెల కంచె వేసుకుని ఊళ్ళు కడుతున్నారు. మన తీరంలో వారికి కావలసినవి నేతబట్టలు. నేసేవారు లోపలి ఊళ్ళలో ఉన్నారు, ఓడలు సముద్రంలో ఉన్నాయి. మధ్యలో సరుకు దాచే గిడ్డంగి ఒకటి ఉండాలి. అందుకు మొగదిబ్బ వారి కంటపడింది.

వారు ముందుగా ఈ సీమను ఏలే నాయకుడి దగ్గరకు వెళ్ళారు. ఎర్ర సకలాతు గుడ్డ, ఒక నిలువుటద్దం కానుకగా ఇచ్చారు. నాయకుడి కోట మెట్ట ప్రాంతంలో ఉంది, ఆయన సముద్రం చూసి ఎరుగడు. ఇసుకదిబ్బే కదా, పంట పండేదేమీ కాదుగా అనుకుని దిబ్బ మొత్తం వారికి రాసి ఇచ్చి, అద్దం ముందు నిలబడి మీసం దువ్వుకున్నాడు. దిబ్బ మీద మనుషులు ఉన్నారన్న సంగతి ఆయనకు గుర్తు చేసినవారు లేరు.

ఒకనాటి పొద్దున్న, దూరంగా ఆగిన ఓడ నుంచి పడవ ఒకటి ఏట్లోకి వచ్చింది. అందులో ఎర్రటి ముఖాలవారు పదిమందికి పైగా ఉన్నారు. వారి పెద్ద పేరు హంఫ్రీ. మనవారి నోట అది అంపిరి అయింది, అంపిరి దొర. మంచి పొడగరి, ఎండకు తోలు ఊడిన ముక్కు. వెంట ఆయన మాట మనకు, మన మాట ఆయనకు చెప్పే ద్విభాషి తిరువెంగళయ్య కూడా దిగాడు. సరిగంచు పంచె తడవకుండా రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఇసుకలో కొంగలా అడుగులు వేస్తూ వచ్చాడు.

దొర మనుషులకు ఒడ్డున నిటారుగా నిలిచిన రాయి కనిపించింది. పచ్చగా, దూరానికి తెలిసేటట్టు ఉంది. వారి దేశంలో రేవుల ఒడ్డున పడవలు కట్టుకోవడానికి ఇలాంటి రాళ్ళే పాతుతారు. ఎవరో పుణ్యాత్ములు ముందుగానే పాతి, ఆనవాలుకు రంగు కూడా వేసి ఉంచారని సంతోషించి, పడవ మోకును అమ్మవారి నడుముకు రెండు చుట్లు చుట్టి బిగించారు.

ముత్యాలు అప్పుడే పసుపు గిన్నెతో వస్తోంది. చూసింది. గిన్నె అక్కడే పడేసింది.

"ఓరి మీ కడుపులు సల్లగుండ! మాయమ్మ నడుంకి పడవ కట్టినారేటిరా?"

ఆ కేకకు ఓడవాళ్ళు టోపీలు తీసి వంగి దణ్ణాలు పెట్టారు. స్వాగతం చెబుతోందనుకున్నారు. తిరువెంగళయ్య గబగబా అడ్డం వచ్చాడు.

"అరవకమ్మీ. దొరగారికి తెలియక జరిగింది. వారి దేశంలో పడవలు కట్టే రాళ్ళు ఇలాగే ఉంటాయి."

"వారి దేశంలో పడవ కట్టే రాయికి పసుపు రాత్తారేటి? పువ్వెడతారేటి? అడుగు బాబూ, అడుగు."

తిరువెంగళయ్య అడగలేదు. దొర వైపు తిరిగి, ఈమె తమ రాకకు ఎంతో ఆనందిస్తోందని చెప్పాడు. ద్విభాషి బతుకు అటువంటిది. రెండు పక్కలా కోపం లేకుండా మాట దాటించాలి, దాటించే దారిలో సగం మాట ఏట్లో పడిపోతుంది.

దొరలు దిబ్బ మీద పని మొదలుపెట్టారు. తాటిదుంగలతో కంచె వేశారు. గిడ్డంగికి పునాది తీశారు. జెండా కర్ర పాతారు. తమ దేశపు విత్తనాలు చల్లి తోట వేశారు. మొలకలు వచ్చినంత వేగంగా ఉప్పుగాలికి మాడిపోయాయి. అంపిరి దొర మాత్రం రోజూ సాయంత్రం ఆ ఖాళీ ఇసుక మడులకు నీళ్ళు పోసేవాడు. ఊరి ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవారు. ఇసుకకు నీళ్ళు పోస్తే ఇసుక మొలుస్తుందా అని.

ఇక పడవ సంగతి. సాయంత్రం దొర మనుషులు పడవను అమ్మవారికి కట్టేవారు. తెల్లవారగానే ముత్యాలు వచ్చి ముడి విప్పి, మోకును నీళ్ళలోకి విసిరేసి, నింపాదిగా రాయి కడిగి పసుపు రాసేది. పాటు మీద, నీరు వెనక్కి తీసే వేళ, పడవ మెల్లగా మొగలోకి జారేది. కంచెలోంచి ఓడవాళ్ళు అరుస్తూ పరుగెత్తి, మొలలోతు నీళ్ళలో పడి దాన్ని పట్టుకునేవారు. ఊరి పిల్లలకు పొద్దున్నే ఇదొక వినోదం. ముత్యాలు మాత్రం వెనక్కి తిరిగి చూసేది కాదు.

కాపలాకు దొర తన వంటవాడిని పెట్టాడు. అతని పేరు జాను, లావుపాటి మనిషి. మొదటిరోజు కర్ర పుచ్చుకుని కూర్చున్నాడు. ముత్యాలు చద్దిగంజి ముంతతో, కాల్చిన కానాగంత చేపతో వచ్చి అతని ఎదుట పెట్టింది. అతను తినడం పూర్తి చేసేసరికి పడవ మొగ దాటింది. రెండోరోజు జాను కర్ర తేలేదు, గిన్నె తెచ్చుకున్నాడు.

ఈ ఆట ఎంతోకాలం సాగలేదు. ఒకనాడు దొర దాలయ్యను పిలిపించాడు. తిరువెంగళయ్య నాయకుడి శాసనం చదివి వినిపించాడు. దిబ్బ మొత్తం దొరలది. కార్తీకం వెళ్ళేలోగా ఊరు ఏటి అవతలి ఒడ్డుకు మారిపోవాలి. ఒడ్డున ఉన్న రాయిని పెకలించి గిడ్డంగి నీటివాకిలి దగ్గర పాతుతారు. ఎలాగూ ఎవరో తాళ్ళు విప్పేస్తున్నారు కనుక, కంచె లోపలైతే భద్రంగా ఉంటుంది.

దాలయ్య ఇంటికి వచ్చి గోడకు చేరగిలబడ్డాడు.

"పోదామే ముత్యాలా. అవతలొడ్డు కూడా ఇసకే. ఆల దగ్గర తుపాకులున్నాయి."

"అవతలొడ్డు పల్లం కాదేటి మావా? తుపానొత్తే మునిగిపోమా? మన తాతలు ఈ దిబ్బ ఎందుకెక్కినారు?"

"మరేటి సేద్దామంతావు?"

"అడగమను. మాయమ్మని ఒక్కసారి అడగమను. ఉండమంటే ఉంటారు, నానే సోటిత్తాను. నాయకుడినడిగినారు, అద్దమిచ్చినారు. ఈ ఒడ్డున ఉన్న తల్లిని అడగొద్దా?"

ముత్యాలు ఆ మాటే వెళ్ళి దొర ఎదుట చెప్పింది. తిరువెంగళయ్య ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాడో లేదో తెలియదు గానీ, దొర నవ్వాడు. రాజు ఇచ్చిన కాగితం ఉండగా రాయిని అడగడం ఏమిటి అన్నాడు. ద్విభాషి ఆ మాటను కాస్త మెత్తబరిచి, దొరగారికి ఇప్పుడు తీరిక లేదట అన్నాడు.

"తీరిక మాయమ్మే ఇత్తాదిలే" అని ముత్యాలు వచ్చేసింది. పైకి అంత ధీమాగా అన్నదే గానీ, ఆ రోజు అమ్మవారి దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చిందని వారి ఇంట్లో చెప్పుకుంటారు. రాయి కదిలితే ఊరు కదులుతుంది. ఊరు పల్లంలోకి దిగితే ఏదో ఒక తుపానుకు పిల్లాపీచుతో సహా పోతుంది. ఆమె భయం అదే.

రాయిని పెకలించడం అనుకున్నంత తేలిక కాలేదు. తవ్విన కొద్దీ ఇసుక పూడిపోయేది, రాయి కిందికి ఎంత దిగి ఉందో అంతు దొరకలేదు. పైకి లాగాలంటే ఓడలో ఉండే పెద్ద కప్పీలు కావాలి. ఓడ మాత్రం దూరంగా లోతునీళ్ళలో లంగరు వేసి ఉంది. కార్తీకం సగం గడిచిన ఒకరోజు అంపిరి దొర ఆ కప్పీలు తేవడానికి పడవ వేసుకుని బయలుదేరాడు. ఆకాశం తూర్పున రాగిచెంబు రంగులో ఉంది. కాకులు లోపలి ఊళ్ళ వైపు ఎగిరిపోతున్నాయి.

దాలయ్య ఉండబట్టలేక ఎదురు వెళ్ళాడు. "బాబూ, ఇయ్యాల నీటిమీదకెల్లకండి. సముద్రం కడుపులో ఏదో ఉంది."

దొర ఆకాశం చూశాడు, కాగితం ఉన్న జేబు తట్టుకున్నాడు, పడవ ఎక్కాడు. తిరువెంగళయ్యను కూడా ఎక్కించాడు. పాపం, ఆయనకు ఈత రాదు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. ఓడ కప్పీలనైతే పడవలోకి దింపింది గానీ, ఒడ్డుకు దగ్గరగా ఉంటే బద్దలవుతానని లంగరు కోసుకుని లోపలి సముద్రానికి పారిపోయింది. తుపానులో ఓడలు చేసేది అదే, దాన్ని తప్పు పట్టనక్కరలేదు. పడవ మాత్రం తిరిగి వస్తూ మొగ ఎదుటి ఇసుకమేట మీద బోల్తాపడింది. ఒడ్డున ఉన్నవారికి వాన తెరల మధ్య కనిపించింది, తిరగబడ్డ పడవ వీపు, దాన్ని పట్టుకుని వేళ్ళాడుతున్న మనుషులు. ఇనుప కప్పీలు అప్పటికే అడుగుకు చేరాయి.

కంచెలో మిగిలిన జాను ఏడుస్తూ ఊరిమీదికి పరుగెత్తుకొచ్చాడు. అతనికి మన భాష రాదు. రావలసిన అవసరం కూడా రాలేదు.

మొగలో తెప్ప వేస్తే వెళ్ళగలరు, తిరిగి రాలేరు. ఒడ్డునుంచి లాగేవారుండాలి. ఊళ్ళో అలివి వలలు ఉన్నాయి. అలివి వల అంటే ఒడ్డున నిలబడి ఊరంతా కలిసి లాగే పెద్ద వల. దాని మోకులు కొబ్బరిపీచుతో పేనినవి, ఒక్కొక్కటి చాలా పొడవు. వాటిని ఒకదానికొకటి ముడివేశారు. ఒక కొస దాలయ్య తన తెప్పకు కట్టుకున్నాడు. రెండో కొస దేనికి కట్టాలి? మనుషులు మాత్రమే పట్టుకుంటే కెరటం అందరినీ ఈడ్చుకుపోతుంది. తాడిచెట్లు కళ్ళముందే కూలుతున్నాయి. దొర జెండా కర్ర ఎప్పుడో విరిగి ఏట్లో పడింది. కంచె దుంగలు ఈతకాయల్లా కొట్టుకుపోతున్నాయి.

ఒడ్డున కదలకుండా నిలిచి ఉన్నది ఒక్కటే. దాని పేరు ఎవరూ ఎత్తలేదు. అందరూ ముత్యాలు ముఖం చూశారు.

ముత్యాలు రాయి దగ్గరకు వెళ్ళింది. మోకు కొస చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్ళూ ప్రతి పొద్దూ ఆ నడుము మీద ముడి విప్పింది ఈ చేతులే.

"మాయమ్మా, ఇయ్యాల నానే కడతన్నాను. కోపమొత్తే నా మీద సూపించు. ముందు ఆలని ఒడ్డుకి రానీ" అంది.

రెండు చుట్లు చుట్టింది. ఓడవాళ్ళు వేసిన ముడి కాదు, జాలరి ముడి, లాగిన కొద్దీ బిగిసేది.

దాలయ్య తెప్ప కెరటాల్లోకి దూకింది. మేట చేరింది. ఒక్కొక్కరి చేతా మోకు పట్టించాడు. తిరువెంగళయ్య పడవను వదలడానికి ఒప్పుకోకపోతే ఆయన పిలక పట్టుకుని లాగవలసి వచ్చింది. అప్పుడు ఊరంతా మోకు అందుకుంది. ముసలివాళ్ళు, చూలింతలు, జాను, అందరూ. అలివి వల లాగేటప్పుడు పాడే పాటే పాడారు, గాలి హోరులో ఎవరి గొంతు వారికే వినపడకపోయినా. కెరటం వెనక్కి గుంజినప్పుడు మోకు అమ్మవారి నడుము మీద బిగిసి కిర్రుమనేది. మనుషులు తూలేవారు, రాయి తూలలేదు. కెరటం సడలగానే మళ్ళీ లాగేవారు. చివరికి వలలో చేపల్లా ఒకరి మీద ఒకరుగా ఇసుకలో వచ్చి పడ్డారు. అందరూ వచ్చారు. ఒక్కరు కూడా పోలేదు.

తిరువెంగళయ్య కళ్ళు తెరిచి మొదట అన్న మాట, "నా పంచె ఏది?"

ముత్యాలు ఎవరి పాత గోచీయో తెచ్చి ఆయన మీద పడేసింది. "సరిగంచు లేదు బాబూ, సరిపెట్టుకో."

తెల్లవారేసరికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. గిడ్డంగి లేదు, కంచె లేదు. ఊళ్ళో ఇళ్ళ కప్పులు కూడా లేవు. మనుషులున్నారు. అవతలి ఒడ్డు మొత్తం నీళ్ళలో ఉంది. దొర చాలాసేపు ఆ వైపు చూస్తూ నిలబడ్డాడట. ఆ ఒడ్డుకే గదా ఊరిని మారిపొమ్మన్నాడు.

తుపాను వెళ్ళాక సముద్రం ఒడ్డున బోలెడు వదిలిపెడుతుంది. పీతలు, రొయ్యలు, ఎక్కడెక్కడి చేపలు. మట్టికుండలు కొన్ని మిగిలాయి. నీళ్ళలో నానిన ధాన్యం దంచి గంజి కాశారు. దొరల సరుకులో ఒకే ఒక పీపా తేలుతూ వచ్చింది. పగలగొడితే అందులో ఓడబిస్కత్తులు ఉన్నాయి, పెంకుముక్కల్లా గట్టివి. ఊరి పిల్లలు వాటితో తొక్కుడుబిళ్ళ ఆడారు. జాను వాటిని గంజిలో నానబెట్టి, పీతల పులుసు పోసి కలిపి చూపించాడు. అది తిని ముసలివాళ్ళు కూడా లొట్టలు వేశారు. ఆ రోజు దొరలకూ జాలరులకూ ఒకే పంక్తి.

పంక్తి సగంలో ఉండగానే అంపిరి దొర లేచి అమ్మవారి దగ్గరకు వెళ్ళాడు. రాయి నడుము చుట్టూ మోకు ఒరిసిన చోట పసుపు పోయి తెల్లటి గీత పడి ఉంది. దాన్ని వేలితో తడిమాడు. ముత్యాలును పిలిచి, ఎలా అడగాలో చెప్పమన్నాడు.

తిరువెంగళయ్యకు భయం పట్టుకుంది. దొరలు వెళ్ళిపోతే ఆయన కొలువు పోతుంది. "అయ్యా, తమకు నాయకుడి శాసనం ఉంది కదా, మళ్ళీ ఈ అడగడం దేనికి?" అన్నాడు.

"నిన్న తాడు పట్టుకున్నది ఆ కాగితం కాదు" అన్నాడు దొర.

ముత్యాలు రెండే మాటలు నేర్పింది. దొర తడిబట్టలతో ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని అన్నాడు, "ఉండమంటావా తల్లీ?"

మాట వంకరగానే వచ్చింది. అయినా నవ్వినవారు లేరు.

ముత్యాలు పువ్వు తడిపి రాతి నుదుట పెట్టింది. ఇప్పుడు ఆమె మనసు వేరుగా ఉంది. అడగమని పట్టుబట్టిన మనిషే, అడిగేసరికి కరిగిపోయింది. నిలువ నీడ లేదు వీళ్ళకు, ఓడ వస్తుందో రాదో తెలియదు, ఆ జాను ముఖం చూస్తే జాలి. కుడికి రాల్చమ్మా అని లోలోపల మొక్కుకుంది. ఊరివాళ్ళలో సగం మంది అలాగే మొక్కుకున్నారు. తిరువెంగళయ్య అందరికన్నా గట్టిగా మొక్కుకున్నాడు.

గాలి లేదు. పువ్వు చాలాసేపు కదలలేదు. తరవాత మెల్లగా జారి, ఎడమవైపు రాలింది.

దొర ఏమిటన్నట్టు చూశాడు. తిరువెంగళయ్య గబగబా ముందుకొచ్చి ఇంగ్లీషులో, సరేనంది, సరేనంది అన్నాడట. కానీ దొర చూస్తున్నది ముత్యాలు ముఖం. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మ కాదన్నాక కాదన్నట్టే. అబద్ధం ఆడటానికి వీలులేదు. అలాగని తడిసి వచ్చిన మనిషిని పొమ్మనడానికి నోరు రాదు. ఆమె అమ్మవారి వైపు చూసింది, పొయ్యి మీద ఇంకా పొగలు వస్తున్న గంజికుండ వైపు చూసింది.

"తినేసి ఎల్లమంది బాబూ" అంది.

తిరువెంగళయ్య ఇక తప్పక ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. ద్విభాషిగా ఆయన దాటించిన మాటల్లో చెక్కుచెదరకుండా అవతలి ఒడ్డు చేరింది అదొక్కటేనని మొగదిబ్బలో అంటారు. దొర పెద్దగా నవ్వాడు. నేల మీద ఉన్న పువ్వు తీసుకుని, జేబులో నానిపోయిన కాగితం తీసి పారేసి, ఆ జేబులో పువ్వు పెట్టుకున్నాడు.

ఓడ తిరిగి వచ్చేదాకా వారు ఊళ్ళోనే ఉన్నారు. అతిథులుగా ఉన్నారు. ఇళ్ళ కప్పులు వేయడానికి సాయం చేశారు. నిచ్చెన మీద అంపిరి దొర, కింద తాటాకు అందించే దాలయ్య. తిరువెంగళయ్య గోచీతోనే తిరిగాడు, తరవాత్తరవాత అదే హాయిగా ఉందన్నాడు. ఓడ వచ్చాక ఊరి తెప్పలన్నీ వెళ్ళి వారిని సాగనంపాయి. జాను చేతిలో ముత్యాలు కానాగంతల బుట్ట పెట్టింది. అతను ఓడ అంచున నిలబడి కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు, తింటూనే ఉన్నాడు.

ఇంగ్లీషువారు ఆ తరవాత వేరే ఒడ్లు చూసుకున్నారు. కోటలు కట్టారు, పట్టణాలు లేపారు, రాజ్యాలు ఏలారు. పడమటి సముద్రం అవతల అడవుల్లోనూ ఇలాగే ఊళ్ళు కట్టారని, అక్కడ కూడా మొదటి చలికాలం ఆకలితో మాడుతుంటే అక్కడివారు ధాన్యం పెట్టి బతికించారని చదువుకున్నవారికి తెలుసు. అక్కడి తల్లులను వారు అడిగారో లేదో మనకు తెలియదు. ఇక్కడ అడిగారు. అందుకే మొగదిబ్బ మీద కోట లేదు, గుడి ఉంది. ఆనాటి గీత మీదనే తరతరాల మోకులు ఒరుసుకుని ఇప్పటి గాడి పడింది.

ఏటా కార్తీకం చివరి ఆదివారం ఇక్కడ దొరలాగుడు ఉత్సవం జరుగుతుంది. ఊళ్ళో ఒకరు దొర వేషం కడతారు. తాటాకు టోపీ, ముక్కుకు ఎర్ర కుంకుమ. మొగలో మొలలోతు నీళ్ళలో నిలబడితే, అమ్మవారికి చుట్టిన మోకుతో ఊరంతా పాడుతూ ఒడ్డుకు లాగుతారు. దొర తడిబట్టలతో వచ్చి, ఉండమంటావా తల్లీ అని అడుగుతాడు. పూజారమ్మ పువ్వు పెడుతుంది. పువ్వు ఎడమకు రాలుతుంది. జనమంతా ఒక్క గొంతుతో "తినేసి ఎల్లు బాబూ!" అని అరుస్తారు. ఆ తరవాత గంజి, పీతల పులుసు, నానబెట్టిన బిస్కత్తుల ప్రసాదం. యాత్రికులు బిస్కత్తులు బయటి దుకాణాల్లో కొనుక్కుని వచ్చి సమర్పించవచ్చు. క్రీము ఉన్నవి అమ్మవారికి పనికిరావు.

పువ్వు ప్రతి ఏడూ ఎడమకే రాలిందా అని అడిగేవారుంటారు. ఒక్కసారి కుడికి రాలింది. మొగదిబ్బలో ఐసు ఫ్యాక్టరీ పెట్టిన కొత్తలో బాపట్ల వైపు నుంచి మస్తాన్‌వలీ అనే మెకానిక్కు వచ్చాడు. నా అన్నవారు లేని మనిషి. ఆ ఏడు వేషం కట్టవలసిన అతనికి జ్వరం వస్తే, పొడుగ్గా ఉన్నాడని ఇతనికి టోపీ పెట్టారు. లాగారు. అడిగాడు. పువ్వు కుడికి రాలింది. అరవడానికి నోళ్ళు తెరిచిన జనం అలాగే నిలిచిపోయారు. ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు, అలాంటి అవసరం ఎప్పుడూ రాలేదు. అప్పటి పూజారమ్మ పువ్వును చూసింది, మనిషిని చూసింది.

"ఉంటావేటి బాబూ?"

మస్తాన్‌వలీ కుంకుమ ముక్కు తుడుచుకున్నాడు. "ఉండమంటే ఉంటానమ్మా. నాకు వేరే చోటు మాత్రం ఎక్కడుంది?" అన్నాడు.

ఉన్నాడు. పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పుడు అతని మనవలు ఉత్సవంలో మోకు తొలిపట్టు పడతారు. అది వారి హక్కు.

ఇల్లు కట్టబోయేవారు, అద్దె ఇల్లు చూసుకునేవారు, కొత్త ఊరికి బదిలీ అయినవారు, అత్తవారింట అడుగుపెట్టబోయే కోడళ్ళు, ఇల్లరికం వెళ్ళే అల్లుళ్ళు ఇక్కడికి వచ్చి తల్లిని అడిగి వెళతారు. అడిగినవారికి ఆ చోట మనశ్శాంతి, పొరుగువారితో పొత్తు, నీటిగండం నుంచి రక్ష కలుగుతాయని నమ్మకం. పువ్వు ఎటు రాలినా బెంగపడవద్దు. పూజ అయ్యాక ఉత్తరం వైపు పాకలో ఆకులు వేస్తారు. తల్లి ఉండమన్నా, వెళ్ళమన్నా, అన్నం పెట్టించే పంపుతుంది.